ఎర్ర దీపం మీద నల్ల టేపు

టీవీ ఛానల్లో కెమెరా పట్టే ఆమెను అందరూ ఆగండమ్మ అంటారు. మొదట్లో వెనకాల అనుకునేవాళ్ళు. ఆమె పట్టించుకోకపోయేసరికి ఇప్పుడు మొహం మీదే పిలుస్తున్నారు. ఆ పేరు ఊరికే రాలేదు. వరద నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చి, రిపోర్టర్ మైకు పట్టుకుని గజగజలాడుతూ నిలబడితే, అరచేయి ఎత్తి "ఆగండి, తెలుపు చూసుకోలేదు" అంటూ సంచిలోంచి తెల్ల కాగితం తీసి అతని చేతికిచ్చి ముక్కు ముందు పట్టుకోమన్న మనిషి ఆమె. ఆ కాగితాన్ని చూపిస్తేనే కెమెరాకు తెలుపంటే ఏమిటో తెలుస్తుందట, లేకపోతే మనిషి మొహం కామెర్లొచ్చినట్టు పచ్చగా పడుతుందట. అందులో అబద్ధమేమీ లేదు. ఆమె తెలుపు చూసుకునేలోపు నీళ్ళు తొడల దాకా వచ్చిన మాటా అబద్ధం కాదు.

బయట కెమెరా పట్టేవాళ్ళకు ఆమె చెప్పే జాగ్రత్తలు వింటూ కూర్చుంటే టీ చల్లారిపోతుంది. బ్యాటరీ ఒకటి కెమెరాలో ఉండాలి, ఇంకొకటి జేబులో ఉండాలి, అది కూడా చలికాలమైతే లోపలి జేబులో ఒంటికి ఆనుకుని ఉండాలి. చెవులకు హెడ్‌ఫోన్ లేకుండా బటన్ జోలికి పోకూడదు. స్టాండు లేనప్పుడు గోడకో స్తంభానికో ఒళ్ళు ఆనించి, ఊపిరి వదిలేస్తూ తీయాలి. ఎవరింట్లోనైనా తీసేటప్పుడు ముందు ఫ్రిజ్ ఆపాలి, ఎందుకంటే దాని గురగుర మన చెవికి వినపడదు గానీ మైకు మాత్రం వదలదు. ఆపిన ఫ్రిజ్‌ని తిరిగి వేయడం మరిచిపోతారు కనక మన బండి తాళాలు ఆ ఫ్రిజ్‌లోనే పెట్టుకోవాలి. తాళాలు లేకుండా ఇంటికి పోలేం కాబట్టి ఫ్రిజ్ తెరవక తప్పదు, తెరిస్తే గుర్తు రాక తప్పదు. ఆ తాళాలు చేతిలో పడ్డప్పుడు చల్లగా తగులుతాయే, ఆ చల్లదనంలోనే తన వృత్తి మర్యాద ఉందని ఆమె నమ్మకం.

అన్నిటికన్నా ఆమె గొంతు పెంచి చెప్పే మాట ఇంకొకటి ఉంది. మొదలుపెట్టేదీ ఆపేదీ ఒకటే బటన్ కనక వేలిని నమ్మకూడదు, కన్ను ఆనించి చూసే చోట లోపల వెలిగే ఎర్ర గుర్తును చూసుకోవాలి. ఒక్క నొక్కు ఎక్కువైందా, అంతా తలకిందులే. రికార్డింగు తిరుగుతోందనుకున్నప్పుడు ఆగిపోయి ఉంటుంది, ఆపేశామనుకున్నప్పుడు తిరుగుతూ ఉంటుంది. ఛానల్లో ఒక సీనియర్ ఇలాగే ఏదో బహుమతుల సభకు వెళ్ళి, సభంతా వదిలేసి తన చెప్పులూ మెట్లూ తీసుకొచ్చాడు. ఆ పెద్దమనిషి రిటైరై చాలాకాలమైనా ఆ చెప్పుల కథ మాత్రం ఆగండమ్మ నోట్లో ఇంకా పదవిలోనే ఉంది. చెప్పిన ప్రతిసారీ ఒక చెప్పు తెగి ఉన్నట్టు కూడా కలుపుతుంది.

ఇంత తెలిసిన మనిషికి ఒక్క వీడియో మాత్రం చేత కాలేదు. అది వాళ్ళ నాన్నది.

ఆయన ఊళ్ళో పెద్ద బస్‌స్టాండులో మైకులో బస్సుల వివరాలు చెప్పే ఉద్యోగం చేశాడు. ఏ బస్సు ఎక్కడ ఆగి ఉందో ఆయన చెబితే, అది ఎక్కాల్సిన అవసరం లేనివాళ్ళు కూడా ఒక అడుగు అటు వేసేవాళ్ళు. అంత గంభీరమైన గొంతు. కానీ అది ఆయన డ్యూటీ గొంతు. ఇంట్లో గొంతు వేరే. అది లోగొంతుక, వాక్యం చివరికి వచ్చేసరికి నవ్వు అడ్డం పడి సగం మాట మింగేసే రకం. ఎంత మామూలు మాటైనా ఆ నోట్లోంచి వస్తే ఏదో గుట్టు చెప్పినట్టు ఉండేది. చిక్కేమిటంటే, ఎదురుగా ఫోన్ ఎత్తినా కెమెరా ఎత్తినా ఆయన వెంటనే డ్యూటీ ఎక్కేసేవాడు. వీపు నిటారుగా అయిపోయేది, "అందరికీ నమస్కారం" అని మొదలయ్యేది. చుట్టాల ఫోన్లన్నిట్లో ఆయన వీడియోలు ఉన్నాయి. అన్నిట్లోనూ బస్సు వస్తున్నట్టే ఉంటుంది.

అలాంటి మనిషికి గొంతులో జబ్బు వచ్చింది. స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. ప్రాణానికి భయం లేదనీ, తర్వాత ఏదో ఒక పద్ధతిలో మాట్లాడటం నేర్పిస్తామనీ, కాకపోతే ఈ గొంతు మాత్రం తిరిగి రాదనీ చెప్పారు. ఆపరేషన్ తేదీ ఇచ్చారు. అప్పుడు తట్టింది ఆగండమ్మకు, ఊరందరి మొహం ముందూ కెమెరా పెట్టిన తన దగ్గర నాన్న ఇంటి గొంతు ఒక్క ముక్క కూడా లేదని. దుఃఖం ముంచుకొచ్చింది. ఏడుస్తూ కూర్చునే రకం కాదు కనక, ఆపరేషన్‌కు ముందు రోజు మధ్యాహ్నం స్టాండూ లైటూ మైకులూ బండి మీద వేసుకుని పుట్టింటికి వచ్చేసింది.

ఈసారి ఆయన్ని డ్యూటీ ఎక్కనివ్వకూడదని గట్టిగా అనుకుంది. కెమెరా ముందు వైపు వెలిగే ఎర్ర దీపం కనబడితేనే కదా ఆయన వీపు నిటారయ్యేది అని, దాని మీద నల్ల టేపు ముక్క అంటించింది. కిటికీ పక్కన కుర్చీ వేసింది, వెలుతురు మొహానికి ఒక పక్కగా పడేలా మూడుసార్లు జరిపింది. ఫ్రిజ్ ఆపి అందులో తాళాలు పెట్టింది. నాన్న చొక్కా కాలరుకు చిన్న మైకు తగిలించింది. ఏదైనా మొదలవకముందే కెమెరా తిరుగుతూ ఉండాలన్నది ఆమె సూత్రమే కనక, ఆయన కుర్చీలో సర్దుకుంటుండగానే బటన్ నొక్కేసింది. అంతలో అమ్మ టీ తెచ్చింది. టీ తాగడంలో, కళ్ళు తుడుచుకోవడంలో, ఆ తుడుచుకోవడం అమ్మకు కనబడకుండా చూసుకోవడంలో, నొక్కిన సంగతి కాస్తా మరిచిపోయింది.

తర్వాత తెల్ల కాగితం చూపించి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, మొదలుపెడుతున్నా నాన్నా అని మళ్ళీ నొక్కింది. ఎర్ర గుర్తు చూసుకుందా అంటే, చూసింది. కానీ నీళ్ళు నిండిన కళ్ళకు లోపలున్నవన్నీ ఎర్రగానే కనబడ్డాయి.

టేపు పని చేయలేదు. దీపం కనబడకపోయినా కూతురు "మొదలు" అన్న మాట వినబడింది కదా, నాన్న డ్యూటీ ఎక్కేశాడు. తన పుట్టుక, చదువు, ఉద్యోగంలో చేరిన వైనం అన్నీ బస్సుల వివరాల్లాగే వరసగా ప్రకటించాడు. ఆమె బటన్ నొక్కి ఆపింది, బతిమాలింది, మామూలుగా మాట్లాడమంది. ఆయన సరేనన్నాడు. ఆమె మళ్ళీ నొక్కింది. ఆయన గొంతు సవరించుకుని, ఇంకాస్త బాగా ప్రకటించాడు. అప్పటికి ఆయన అలిసిపోయాడు. ఇంక అడగడానికి ఆమెకు మనసొప్పలేదు. బటన్ నొక్కి, హెడ్‌ఫోన్ పక్కన పడేసి, ఫ్రిజ్ వేయడానికి వంటింట్లోకి పోయింది. తాళాలు చేతిలో పట్టుకుని, ఫ్రిజ్ తలుపు తీసి ఉంచుకుని, అక్కడే కాసేపు ఏడ్చింది. తిరిగి వచ్చి కెమెరా కట్టేసి సామాన్లు సర్దుకుంది. ఆ రోజు తాళాల చల్లదనంలో వృత్తి మర్యాద ఏమీ కనబడలేదు.

మర్నాడు ఆపరేషన్ జరుగుతుంటే తల్లీకూతుళ్ళు ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. అమ్మ పొద్దుటి నుంచీ ఒక రొట్టె పొట్లం చేతిలో పెట్టుకుని తిను తిను అని ప్రాణం తీస్తోంది. ఈమె వద్దని విసుక్కుంటోంది. చేతులు ఊరుకోక, లాప్‌టాప్ తీసి నిన్నటి మెమరీ కార్డు పెట్టింది. డ్యూటీ గొంతైతే డ్యూటీ గొంతే, ఉన్నదాన్ని భద్రం చేద్దామనుకుంది.

మొదటి ముక్కలో ఆమె వీపు ఉంది. తర్వాత లైటు స్టాండు, గోడ, మసకగా నాన్న చెవి. రెండో ముక్కలో "అయిపోయిందా?" అంటూ కుర్చీలోంచి ముందుకు వంగిన సగం మొహం. ప్రకటన ఏది? మూడో ముక్క తెరిచింది. అందులోనూ లేదు. తిరుగుతోందనుకున్నప్పుడల్లా ఆగి ఉంది, ఆపాననుకున్నప్పుడల్లా తిరిగింది. ఇన్నేళ్ళు ఊరూరా చెప్పిన చెప్పుల కథ, రెండు చెప్పులతో సహా, వచ్చి ఆమె నెత్తిన కూర్చుంది.

అమ్మ ఏమైందని అడిగితే, హెడ్‌ఫోన్ ఒక చెవిది తను పెట్టుకుని రెండోది అమ్మ చెవికి ఆనించి, మొదటి నుంచి వేసింది. బొమ్మ ఎలా ఉంటేనేం, మైకు ఆయన కాలరుకే ఉంది.

"ఏమేవ్, చూశావా? మన కెమెరా గారు తాళాలకు చలి పెట్టించి తీసుకెళ్తారట," అంటోంది గొంతు. లోగొంతుక. చివర నవ్వు, మింగేసిన సగం మాట. తర్వాత నల్ల టేపు ఎందుకని కూతుర్ని అడగడం, ఆమె ఏదో అబద్ధం చెప్పడం, ఆయన నమ్మినట్టు నటించడం. రెండో ముక్కలో బాగా చెప్పానా అని అమ్మను అడిగాడు. బస్సు ఎక్కడుందా అని వెతుక్కున్నానని అమ్మ అంది. ఇద్దరూ పకపకా నవ్వారు. ఆ నవ్వు చివర ఆయన దగ్గాడు, దగ్గి మళ్ళీ నవ్వాడు.

మూడో ముక్కలో ఖాళీగా సగం కుర్చీ, ఆయన భుజం. వంటింట్లో ఫ్రిజ్ తలుపు తెరిచిన చప్పుడు.

"ఏడుస్తున్నట్టుందే అది. నాకు వినపడదనుకుంటోంది," అన్నాడు నాన్న ఇంకా గొంతు తగ్గించి. "రేపు నేను లోపలికెళ్ళాక దానికేమైనా తినిపించు. ఖాళీ కడుపుతో ఆ బరువంతా మోస్తూ తిరుగుతుంది, ఎప్పుడూ అంతే."

"తింటుందా నేను పెడితే?"

"విసుక్కుంటుంది. విసుక్కోనీ. నువ్వు వదలకు."

వరండాలో ఎవరో డాక్టరు కోసం పిలుస్తున్నారు. ఆగండమ్మ హెడ్‌ఫోన్ తీయలేదు. అమ్మ వైపు చూడకుండానే చేయి చాపింది. అమ్మ పొట్లం విప్పి రొట్టె ముక్క ఆ చేతిలో పెట్టింది. ఏడుస్తూ తింది, ఒక్క ముక్క కూడా వదలకుండా తింది.

ఆపరేషన్ సవ్యంగానే జరిగింది. ఆయన మంచం మీద లేచి కూర్చోగలిగిన రోజున లాప్‌టాప్ ఒళ్ళో పెట్టి అన్నీ చూపించింది, జరిగిన పొరపాటు కూడా దాచకుండా చెప్పింది. మెడకు కట్టుతో ఆయన శ్రద్ధగా చూశాడు. మసకగా ఉన్న తన చెవిని వేలితో చూపించి, ఇదేనా నీ పనితనం అన్నట్టు కనుబొమలెగరేశాడు. ఫోకస్ బాలేదంటున్నారని అమ్మ తర్జుమా చేసింది. ఆ చెప్పుల పెద్దమనిషికి ఇక క్షమాపణ చెప్పుకుంటానని ఆగండమ్మ అంది.

మూడో ముక్క చివరికొచ్చింది. తెర మీద అదే సగం కుర్చీ, పక్క నుంచి నాన్న లోగొంతుక కూతుర్ని కేకేసి తాళాలు దొరికాయా అని అడుగుతోంది. ఇక చాలు, అలిసిపోతావు నాన్నా అంటూ ఆమె ఆపబోయింది. ఆయన అరచేయి ఎత్తి ఆమె ముందు నిలబెట్టాడు, వరద నీళ్ళలో ఆమె రిపోర్టర్ ముందు నిలబెట్టినట్టే.

ఆమె చేయి వెనక్కి తీసుకుంది. ముగ్గురూ అది పూర్తిగా అయిపోయే దాకా విన్నారు.