కొలిమి లేని గాజు

"మామయ్యా, పిల్ల గాజు మింగేసింది!"

మేడ మీది కేక వినిపించేసరికి మేనమామ కింద కొట్లో కిటికీ అద్దం కోస్తున్నాడు. గీత పూర్తిచేసి, అద్దం విరిచి, అప్పుడు మెట్లెక్కాడు. వీధిలో సగం కిటికీలు ఆయన బిగించినవే. ఇంట్లో మాత్రం అన్నీ స్టీలు గ్లాసులే. పని ఇంటికి తెచ్చుకోకూడదట.

కాలేజీలో జీవశాస్త్రం చెప్పే మేనకోడలికి అలాంటి పట్టింపు లేదు. పాఠం కోసం ల్యాబ్ నుంచి ఎండిన సముద్రజీవిని తెచ్చి బల్ల మీద పెట్టింది. ఫోటో తీద్దామనుకునేలోపు ఆమె పసిపిల్ల దాని అంచు విరిచేసింది.

"ఏ సీసా పగిలింది?"

"సీసా కాదు, స్పాంజి. దాని అస్థిపంజరమంతా గాజే."

"జంతువు గాజు చేస్తుందా? కొలిమి ఎక్కడ పెట్టుకుంది, కడుపులోనా?"

"కొలిమి అక్కర్లేదు. సముద్రపు నీళ్ళలో కరిగిన సిలికాను తీసుకుని, ఆ చలిలోనే పొరపొరగా పేర్చుకుంటుంది. కోట్ల ఏళ్ళుగా... అయ్యో, ముందు పిల్లని చూడు!"

"చూస్తూనే ఉన్నా. పాఠం చెబుతున్నది నువ్వు."

టార్చి వేసి పిల్ల నోరంతా వెతికాడు. పిల్ల ఆయన వేలు కొరికింది.

"పళ్ళు గట్టివే. నోట్లో ఏమీ లేదు."

బుగ్గ మీద మాత్రం వెంట్రుకంత సూది ఒకటి మెరిసింది. టేపు అంటించి లాగేశాడు. తల్లి ప్రాణం ఆగక ఆ బుగ్గను, ఈ బుగ్గను నిమిరింది. పిల్ల కెవ్వుమంది. ఈసారి రెండో బుగ్గ మీద సూది.

"ఇందాక ఇక్కడ లేదే," అంటూ ఆయన టార్చిని మేనకోడలి చేతుల మీదికి తిప్పాడు. అరచేతుల నిండా మెరుపులే. విరిగిన ముక్కలు ఏరి, ఆ చేతులతోనే పిల్లను ఎత్తుకుంది మరి.

టేపుతో ఆ సూదులు తీస్తూ అడిగాడు: "మరి మనకెందుకు రాలేదు గాజు ఎముకలు?"

"మన వంశం కాల్షియం దారి పట్టింది."

"బతికించింది. లేకపోతే ఎముకలు అతకడానికి కూడా నన్నే పిలిచేవాళ్ళు."

ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ కూడా నోరూ గొంతూ చూసి, పిల్లకు ఏమీ కాలేదని చెప్పింది. అయినా తల్లి ఇంటికొచ్చే దారి పొడుగునా పిల్ల నోరు తెరిచి చూస్తూనే ఉంది. మేనమామ ఓదార్చలేదు, ఒక్క మాటన్నాడు. ఇప్పుడు పిల్ల ఎంత గుక్కపట్టినా ఆమె ఆ మాట తప్పదు:

"ముందు నీ చేతులు చూసుకో. పిల్లను తర్వాత ఎత్తుకో."