కర్పూరం ఆర్పి పెట్టుకున్న వకీలు

మా నాయన చనిపోయిన ఏడాదే, రాయపురంలో మేముండే ఇల్లు మొత్తం తనదేనంటూ పెదనాయన మమ్మల్ని బయటికి నెట్టేశాడు. నాయన వాటా కోసం కోర్టుకెక్కాలని అమ్మ పంతం. వకీలు ఫీజుకు మాత్రం చేతిలో చిల్లిగవ్వ లేదు.

అప్పుడొచ్చాడు ఆ మహానుభావుడు. హార్బరు దగ్గర తాళ్ల వ్యాపారం, అమ్మకు వరసకు అన్న. "వకీలు ఖర్చంతా నాది చెల్లెమ్మా. గెలిస్తే నీ వాటాలో సగం నాకియ్యి. ఓడితే ఏమీ వద్దు" అన్నాడు. మా వాళ్లలో ఇట్లాంటి మాటలకు కాగితాలుండవు. కర్పూరం వెలిగించి, దాన్ని ఆర్పి ప్రమాణం చెయ్యడమే. అమ్మ ఒక చెయ్యి నా నెత్తిన పెట్టి, ఇంకో చేత్తో కర్పూరం ఆర్పింది, ఆయన పెట్టిన వకీలును కాదని వేరే వకీలు గడప తొక్కనని. ఆయన చేత మాత్రం ఏ ప్రమాణమూ చేయించుకోలేదు. అన్నను అడిగితే ఏమనుకుంటాడోనని మొహమాటం. ఆ మొహమాటం తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

కేసు బాగానే నడిచింది. వాటా వచ్చినట్టేనని వకీలే అన్నాడు. అంతలో తాళ్లాయన కూతురికీ పెదనాయన కొడుక్కీ సంబంధం కుదిరింది. ఇంకేముంది, వియ్యంకుడి మీద కేసా? వకీలు తలొంచుకుని, "ఫీజు ఇచ్చే ఆయనే వద్దంటే నేనేం చేసేదమ్మా" అన్నాడు.

కోర్టు వరండాలోనే ఇంకో వకీలు మా గోడు విని, ఫీజు గెలిచాకే ఇద్దురుగాని రమ్మన్నాడు. అమ్మ కక్కలేక మింగలేక కూర్చుంది. "నాకేం కాదులేమ్మా, పోదాం పద" అని నేనే పోరి ఒప్పించాను.

తెల్లారి ట్రాము కోసం నిలబడ్డాం. ముందురోజు వానలో తడిసినదాన్ని, నాకు వణుకు పుట్టింది. అమ్మ నా నుదురు తాకింది. ట్రాము వచ్చింది, పోయింది. నన్ను పొదువుకుని ఇంటిదారి పట్టింది.

"ఇది వాన జ్వరమమ్మా" అని ఎంత మొత్తుకున్నా వినలేదు.

"నువ్వు లేకపోతే ఆ ఇల్లెవరికే?" అంది.

జ్వరం సాయంత్రానికే తగ్గిపోయింది. వాయిదా రోజు మా తరఫున ఎవరూ నిలబడలేదు, కేసు కొట్టేశారు. ఆ ఇంటి ముందే పెళ్లి పందిరి వేశారు. పోకపోతే నలుగురూ ఏమనుకుంటారోనని అమ్మ నన్ను తీసుకుని ఆ పెళ్లికీ పోయింది. బంతిలో ఆకు ముందు కూర్చుని కూడా, జ్వరం తిరగబెట్టిందేమోనని నా నుదురు తడుముతూనే ఉంది.