వేళ్లతో చూడమన్న డాక్టరు

మా తిరుత్తణి కుక్కల డాక్టరుగారు మొన్న మంగళవారం పొద్దున గుండెపోటుతో పోయారు. బస్సులో కండక్టరు ఎవరికో చెబుతుంటే విన్నాను. టికెట్టు చేతిలో పట్టుకునే ఏడ్చేశాను. పక్కనున్నావిడ దగ్గరి చుట్టమా అని అడిగింది. అవునన్నాను.

ఆరేళ్ల కిందట మా ఆడకుక్క బ్రౌనీకి చన్ను పక్కన చిన్న గడ్డ కనిపించింది. వెంటనే డాక్టరు దగ్గరికి పోవాల్సింది. నేనేం చేశాను? మా ఊరు కే.జీ.కండిగైలో పులిపిరికి గుర్రపు వెంట్రుక కడతారు, బిగుసుకుని అదే రాలిపోతుందని. పెళ్లి ఊరేగింపుకొచ్చిన గుర్రం తోకలోంచి ఒకటి లాగించి మరీ కట్టాను. రెండు నెలలు కాచుకున్నాను. రాలలేదు సరికదా, గడ్డ నిమ్మకాయంత అయింది.

అప్పుడు తీసుకెళితే, ఆ వెంట్రుక చూసి డాక్టరుగారు తిడతారనుకున్నాను. దాన్ని కత్తెరతో కత్తిరించి, నా వేళ్లు గడ్డ మీద పెట్టమన్నారు.

"కదులుతా ఉండాదా, లోపల అతుక్కోనుండాదా? కండ్లతో కాదుమా, వేళ్లతో చూడల్ల."

ఎవరొచ్చినా ఆయన పద్ధతి అదే. తాను తడిమింది పెంచుకున్నవాళ్ల చేత కూడా తడిమించాకే రోగం సంగతి ఎత్తేవారు.

గడ్డలోంచి సూదితో కాస్త తీసి, గాజుపలక మీద పూసి చెన్నైకి పంపారు. తిరువళ్లూరులో ఎక్స్‌రే తీయించమన్నారు. రెండూ చేతికొచ్చాక, "క్యాన్సరేమా. ఊపిరితిత్తులకు ఇంకా పాకలేదు. కోసి తీసేస్తాను. మళ్లా రాదని మాత్రం చెప్పలేను" అన్నారు. బ్రౌనీ ఏడాదిన్నర హాయిగా తిరిగింది, వీధిలో పిల్లులన్నిటినీ తరిమింది. తర్వాత దగ్గు పట్టుకుంది. రెండో ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా మచ్చలే.

చివరి రోజు ఆయనే మా ఇంటికి వచ్చారు. వరండాలో కింద కూర్చుని, బాధ లేకుండా కన్నుమూసే ఇంజెక్షను ఇచ్చి, దాని తల తన తొడ మీద పెట్టుకున్నారు. అడగకుండా ఉండలేకపోయాను.

"ముందే తెచ్చింటే బతికుండునా సార్?"

"బతికుండచ్చుమా. నీకు అబద్ధం చెప్పను." దాని చెవి నిమిరి, "తెలీక చేసినావు. ఇప్పుడు తెలిసింది గదా, నలుగురికి చెప్పు" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. ఒక్క మాట ఓదార్పుగా అంటే ఏం పోయిందనుకున్నాను. కోపం తగ్గడానికి చాలా రోజులే పట్టింది. నిజం తట్టుకోగలనని ఆయన నన్ను నమ్మారు, అంతే. అప్పటినుంచి ఆడకుక్క కనబడితే చాలు, పొట్ట తడిమి చూశారా అని అడుగుతున్నాను. నాకు పిచ్చి అనుకునేవాళ్లు మా వీధిలో ఉన్నారు.

మంగళవారం సాయంత్రం ఆయన ఇంటికి వెళితే, గేటు బయట మా ఎదురింటి అమ్మాయి తన కుక్కతో నిలబడి ఉంది.

"నువ్వు చెప్పినావని గడ్డ కందిగింజంత ఉన్నప్పుడే తీసకొచ్చినానక్కా. పది దినాల ముందు సారే కోసినారు. అంతా వచ్చేసింది, భయం లేదన్నారు."

కుక్క నన్ను చూసి తోక ఊపుతూ వెల్లకిలా పడుకుంది. గొరిగిన పొట్ట మీద నల్లటి కుట్లు, ఒక్కటీ వంకర లేకుండా.

"రేపు కుట్లు విప్పుతానన్నారక్కా" అంది ఆ అమ్మాయి.