క్లెమెంట్ ఇంట్లో చావనివాళ్ళు లేరు

మా దీవిలో క్లెమెంట్ హాస్లామ్ ఇంట్లో కనీసం ఒక్కసారైనా హత్యకు గురికాని మనిషి లేడు. ఫెర్రీ నడిపే టూర్‌లైవ్‌ని మఫ్లర్ బిగించి చంపారు. మా పాస్టరమ్మని మెట్ల మీంచి తోశారు. నాకు ఒకసారి విషం పెట్టారు, ఇంకోసారి మంచులో పాతిపెట్టబోతే నడుం నొప్పి అని తప్పించుకున్నాను.

క్లెమెంట్ హంతకుడు కాడు, అనువాదకుడు. మా నార్వే భాషలో వచ్చే నవలల్ని ఇంగ్లిష్‌లోకి మార్చడం అతని వృత్తి. ఇంగ్లండులో పుట్టినవాడు, మా దీవి పిల్లని పెళ్ళాడి ఇక్కడికి వచ్చాడు. ఆ పిల్ల రెండేళ్ళకే అతన్ని వదిలేసి ఓస్లో వెళ్ళిపోయింది. నువ్వెందుకు ఉండిపోయావయ్యా అని అడిగితే, "నిఘంటువులు బరువండీ, మోసుకుపోలేను" అనేవాడు.

అతనికున్న పిచ్చి ఒక్కటే. పుస్తకంలో ఉన్నది కళ్ళారా చూస్తే తప్ప ఒక్క వాక్యం రాయలేడు. అతని పొట్ట నింపేవి నేరపరిశోధన నవలలు కాబట్టి చూడాల్సినవన్నీ చావులే.

"టూర్‌లైవ్, ఒక్కసారి చచ్చిపోతారా?"

"ఇప్పుడా? నాలుగింటి ఫెర్రీ ఉందయ్యా!"

"చిన్న చావే. కుర్చీలోంచి ఎడమవైపుకి ఒరిగిపోవాలి. చేతిలో నిండు కాఫీ కప్పు ఉంటుంది, చుక్క కూడా ఒలకదట. అదెలాగో చూడాలి."

టూర్‌లైవ్ చచ్చాడు. కాఫీ ప్యాంటంతా ఒలికింది. "మళ్ళీ" అన్నాడు క్లెమెంట్. టూర్‌లైవ్ అలా చస్తూ బతుకుతూ ఉండగా, రేవులో జనం కార్ల హారన్లు మోగించి దీవంతా లేపారు. చివరికి క్లెమెంట్, "ఈ రచయిత అబద్ధాలకోరు" అని తేల్చి, ఇంగ్లిష్‌లో ఆ కప్పుని ఖాళీ చేసేశాడు. నవల లండన్‌లో వచ్చాక అక్కడి పత్రిక ఒకటి ఏమని రాసిందో తెలుసా? ఖాళీ కప్పుతో హత్యని చూపించిన రచయిత సూక్ష్మదృష్టికి జోహార్లట! సొమ్మొకడిది సోకొకడిది అంటారు చూడండి, అనువాదం అంటే అదే. పుస్తకం బాగుంటే రచయిత గొప్పవాడు. బాగోకపోతే అనువాదకుడు చెడగొట్టాడు.

క్లెమెంట్‌కి ఇవేవీ పట్టేవి కావు. ఒక్క కోరిక మాత్రం ఉండేది. ముప్పై ఏళ్ళుగా ఇంత రాసినా అతని పేరు ఏనాడూ ఏ అట్ట మీదా పడలేదు. ఎప్పుడూ లోపల, అచ్చాఫీసు చిరునామా పక్కన, చీమ తలకాయలంత అక్షరాల్లో ఉండేది.

ఆ కోరిక తీరే రోజు ఒకటి వచ్చింది. మా దేశంలో క్రిస్మస్‌కి పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడం అలవాటు. ఒక ఏడాది ఎవరి పొట్లం విప్పినా హాల్‌వర్ ట్వెయ్టెన్ అనే మహారచయిత నవలే. దిండు కంటే లావు. అది లేని ఇల్లు లేదు, అది చదివిన మనిషీ లేడు. "చదివావా?" అంటే "అద్భుతం!" అనేవారు, ఆ వెంటనే ఇద్దరూ వాన గురించి మాట్లాడుకునేవారు. తర్వాతి వేసవిలో లండన్ ప్రచురణకర్త ఆ దిండుని క్లెమెంట్‌కి అప్పజెప్పాడు. వచ్చే ఈస్టర్ లోపల పూర్తిచేసి ఇస్తే అట్ట మీద పేరు వేస్తానన్నాడు.

"ఇక్కడండీ" అని అట్ట మీద వేలు పెట్టి చూపించాడు క్లెమెంట్. "రచయిత పేరు కింద. చిన్నదైనా ఫర్వాలేదు." అరవై దాటిన మనిషి, కొత్త చొక్కా చూసిన పిల్లాడిలా మురిసిపోయాడు.

ఆ శరదృతువులో మా ఆయన ఆర్న్‌ఫిన్ పోయాడు. పడవ కట్టేస్తూ రేవులోనే కూలిపోయాడు.

మా వాళ్ళ మర్యాద గొప్పది. దుఃఖంలో ఉన్న మనిషిని కదిలించకూడదంటారు. నన్ను ఎవరూ కదిలించలేదు. కొట్లో నేను కనబడితే అందరూ జున్ను అర వైపు తిరిగిపోయేవారు. జున్నుని అంత శ్రద్ధగా చూసిన జనం ప్రపంచంలో ఇంకెక్కడా ఉండరు. నేను పొయ్యి వెలిగించడం మానేశాను. ఎండు రొట్టె ముక్క నిలబడే కొరికేదాన్ని. కర్టెన్లు తీసేదాన్ని కాను. చావాలనీ లేదు, బతకాలనీ లేదు.

ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. చంకలో ట్వెయ్టెన్ దిండుతో క్లెమెంట్ నిలబడి ఉన్నాడు.

"గున్‌వోర్, ఒక సాయం కావాలి."

"ఈసారి ఎలా చావాలి?"

"చావక్కర్లేదు. బంగాళాదుంపలు చెక్కాలి."

"ఏమిటీ?"

"ఈ నవల్లో ఒకావిడ బంగాళాదుంపలు చెక్కుతుంది. కోపంగా చెక్కుతుందట. కోపంగా చెక్కితే తొక్క మందంగా వస్తుందా, పల్చగా వస్తుందా? చూడకపోతే వాక్యం రాదు."

జాలి పడటానికి వచ్చుంటే మొహం మీదే తలుపేసేదాన్ని. ఇతను పని మీద వచ్చాడు. మా దీవిలో సాయమడిగినవాణ్ణి పొమ్మనరు. చెక్కాను. తొక్క మందంగానే వచ్చింది.

"ఇప్పుడు వీటినేం చెయ్యాలి?"

"ఆవిడ ఉడకబెడుతుంది. చేప కూడా వేయిస్తుంది."

"నా ఇంట్లో చేప లేదు."

క్లెమెంట్ కోటు జేబులోంచి కాగితంలో చుట్టిన చేప తీశాడు.

"జేబులో చేప పెట్టుకు తిరుగుతున్నావా నువ్వు?"

"అనువాదకుడన్నాక సిద్ధంగా ఉండాలండీ."

"ఆవిడ తింటుందా?"

"తింటుంది. రెండోసారి వడ్డించుకుంటుంది కూడా. రచయిత స్పష్టంగా రాశాడు. ఎదురుగా ఒకడు కూర్చుని తింటాడు. వాడికి మాటలేమీ లేవు, పనికిమాలిన పాత్ర."

మర్నాడు మళ్ళీ వచ్చాడు. నవల్లో ఆవిడ పులుసు పెడుతోందన్నాడు. ఆ తర్వాత కర్టెన్లు ఉతుకుతోందన్నాడు. చలికాలమంతా ఆవిడ ఏదో ఒకటి చేస్తూనే ఉంది. ఒకరోజు ఆవిడ రేవు దాకా నడవాల్సి వచ్చింది. ఆర్న్‌ఫిన్ పడిపోయిన చోటికి వచ్చేసరికి నా కాళ్ళు ఆగిపోయాయి.

"ఆవిడ ఇక్కడ ఎంతసేపు నిలబడుతుంది?" అని అడిగాను.

"రచయిత చెప్పలేదు. మీ ఇష్టం" అన్నాడు. అని కొంచెం దూరంగా వెళ్ళి, జేబుల్లో చేతులు పెట్టుకుని సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. ఆరోజు నేను చాలాసేపు ఏడ్చాను.

ఇంకోరోజు ఆవిడ చచ్చిపోయిన మొగుడి కోటు బీరువాలోంచి తీసి ఎవరికో ఇచ్చేస్తుందన్నాడు. నాకు శివమెత్తింది. "ఆ ట్వెయ్టెన్ గాడికి బుద్ధుందా? నా వంటింట్లో దూరి చూసినట్టు రాశాడేమిటి వెధవ!" అని అరిచి గెంటేశాను. వారమంతా తలుపు తియ్యలేదు. ఆ తర్వాత నేనే వెళ్ళి కోటు టూర్‌లైవ్‌కి ఇచ్చాను. ఇప్పటికీ ఫెర్రీ వస్తుంటే ముందు ఆ కోటే కనబడుతుంది. చూస్తే ప్రాణానికి హాయిగా ఉంటుంది.

ఆ మధ్యలో లండన్ నుంచి ఫోన్లు వచ్చేవి. ఒకటి నా వంటింట్లోనే మోగింది. "ఈస్టర్ దగ్గరికొచ్చింది, తెలుసు. ఒక్క దృశ్యం కుదరడం లేదు" అన్నాడు క్లెమెంట్, పులుసు గిన్నెలోకి చూస్తూ.

ఈస్టర్ వెళ్ళిపోయింది. నవల వేసవి చివర్లో పంపాడు. చలికాలంలో అచ్చయి వచ్చింది. అట్ట మీద ట్వెయ్టెన్ పేరుంది, కొండ బొమ్మ ఉంది, ఎవడో పొగిడిన మాటలున్నాయి. క్లెమెంట్ పేరు లోపల, చీమల పక్కన. ఇకపై పుస్తకాలు చురుగ్గా పనిచేసే ఎవరో కుర్రాడికి ఇస్తామని కబురు కూడా వచ్చింది. ట్వెయ్టెన్‌కి లండన్‌లో బహుమతి వచ్చింది. వేదికెక్కి భార్యకి, ప్రచురణకర్తకి, కుక్కకి కృతజ్ఞతలు చెప్పాడు. కుక్క పేరు కూడా చెప్పాడు.

ఆ మహానుభావుడు వసంతంలో అవతలి ఒడ్డున ఉన్న పట్నం గ్రంథాలయానికి వచ్చాడు. నేను వెళ్ళాను. ప్రశ్నలడగమన్నారు. లేచాను.

"మొగుడు పోయిన ఆడదాని చేత ఆ కోటు ఇప్పించడానికి మీకు మనసెలా ఒప్పిందండీ?"

ట్వెయ్టెన్ కళ్ళు మూసుకున్నాడు.

"ఆ దృశ్యం రాసేటప్పుడు నేను చాలా నలిగిపోయాను" అన్నాడు. "అది కోటు కాదమ్మా. అది మన జాతి మౌనం."

చప్పట్లు మోగిపోయాయి. ఒకావిడ కళ్ళొత్తుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆర్న్‌ఫిన్ కోటు కోటే. కుడిజేబు చిరిగిన కోటు.

ఆ దృశ్యం ఏ ముహూర్తాన రాశాడో చూద్దామని ఇంటికొచ్చి నా పుస్తకం తీశాను. ఆర్న్‌ఫిన్ ఇచ్చిన ఆఖరి క్రిస్మస్ కానుక. అట్ట తెరిస్తే కొత్త చెప్పులా కిర్రుమంది. మొదట్నుంచీ చదివాను. ఒకడు తండ్రిని తలుచుకుంటూ కొండెక్కుతాడు. వాన వస్తుంది. ఇంకా ఎక్కుతాడు. పుస్తకం అయిపోయినా ఎక్కుతూనే ఉంటాడు. ఆడజాతి అంటూ ఉన్నది చచ్చిపోయిన ఒక మేనత్త, ఒక ఆవు. బంగాళాదుంపలు లేవు. రేవు లేదు. కోటు లేనే లేదు. ఎక్కడైనా వదిలేశానేమోనని మళ్ళీ చదివాను. ఆవు మాత్రమే దొరికింది.

దీవిలో ఇంటింటా ఉన్న పుస్తకం పేరు చెప్పి ఒక చలికాలమంతా అబద్ధమాడాడు. ఎవరూ చదవరని అతనికి తెలుసు. ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన పేరు నా బంగాళాదుంప తొక్కల్లో కలిసిపోయింది. ఏడ్చాను. ఆ తర్వాత పట్టరాని కోపమొచ్చింది.

అప్పటికి దీవిలో ఎవరూ హత్యకు గురై చాలా నెలలైంది. క్లెమెంట్ రేవుకి రావడం లేదు. ఇంటికి కర్టెన్లు వేసి ఉంటున్నాయి. మా వాళ్ళు మర్యాదగా జున్ను చూసుకుంటున్నారు. నేను పుస్తకం చంకన పెట్టుకుని, వాఫల్స్ అనే గళ్ళ అట్లు పోసే పెనం పట్టుకుని వెళ్ళి తలుపు బాదాను.

తీశాడు. గడ్డం మాసి ఉంది, చేతిలో ఎండు రొట్టె ఉంది.

"ఒక సాయం కావాలి" అన్నాను. "నేను ఈ నవలని మన దీవి యాసలోకి అనువదిస్తున్నాను."

"అది మీ భాషలోనే ఉంది కదండీ!"

"అడ్డు రాకు. ఇందులో ఒకడున్నాడు. గడ్డం గీసుకోడు, కర్టెన్లు తియ్యడు, ఎండు రొట్టె నిలబడి తింటాడు. ఒక ముసల్ది వచ్చి వాణ్ణి నానా తిట్లూ తిట్టి కూర్చోబెట్టి వాఫల్స్ తినిపిస్తుంది. ఎలా తింటాడో చూడకపోతే నాకు వాక్యం రావడం లేదు."

అతను నా చంకలోని పుస్తకం చూశాడు. దీవి మొత్తంలో వెన్ను నలిగిన పుస్తకం అదొక్కటే. ముఖం చెవుల దాకా ఎర్రబడింది.

"అది... ఏ పేజీలో ఉంది?" అన్నాడు నెమ్మదిగా.

"బంగాళాదుంపలు ఏ పేజీలో ఉన్నాయో నువ్వు నాకెప్పుడైనా చెప్పావా? కూర్చో!"

కూర్చున్నాడు. తిన్నాడు. కాసేపటికి ఖాళీ పళ్ళెం వైపు చూసి, "వాడు రెండోసారి వడ్డించుకుంటాడా?" అని అడిగాడు.

"వడ్డించుకుంటాడు" అన్నాను. "రచయిత స్పష్టంగా రాశాడు."