కల్లం దగ్గర అమ్మ

మొన్న ఎండాకాలం నేను పనిచేసే ఆసుపత్రికి ములకలపల్లి అవతల నుంచి ఒక ముసలమ్మను తీసుకొచ్చారు. వడదెబ్బ. సెలైన్ పెట్టడానికి చెయ్యి పట్టుకుని వంగేసరికి ఆమె కొంగులోంచి సగం ఎండిన తునికాకు వాసన వచ్చింది. అది పచ్చి ఆకు వాసన కాదు, ఎండుగడ్డి వాసనా కాదు. ఎండకు వాడిపోతున్న ఆకులోంచి వగరుగా మొదలై, నార తడితో, మనిషి చెమటతో కలిసి ముక్కులో చాలాసేపు నిలిచిపోయే వాసన. ఆ వాసనలో పెరిగినదాన్ని నేను. ఆ రోజు నరం దొరకబుచ్చుకోవడానికి నాకు మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది.

మా గూడెం అడవిని ఆనుకుని ఉండేది. మాకు ఏడాది ఇప్పపువ్వుతో మొదలయ్యేది. తెల్లారేసరికి చెట్ల కింద రాలి ఉన్న లేతపసుపు పూలను బుట్టలతో ఏరుకొచ్చి, వాకిట్లో ఆరబోసి, కొన్నిటిని అమ్మ జొన్నపిండిలో కలిపి ఉడికించేది. ఆ తర్వాత చింతచిగురు, ఆ తర్వాత మొర్రిపండ్లు, పెదాలు బిగుసుకుపోయేలా చేసే తునికిపండ్లు. శ్రీరామనవమికి భద్రాచలం వెళ్ళొచ్చినవాళ్ళు తలంబ్రాలు తెచ్చి ఇంటింటికీ నాలుగు గింజలు పంచేవారు. వానలు పడబోయే ముందు భూమి పండుగ. మగవాళ్ళు వేటకు పోతే ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా వెదురుగడ పట్టుకుని నిలబడి, వచ్చేపోయే బండ్లను ఆపి, పాటలు పాడి, నవ్వి నవ్వి అలసిపోయేవారు. ఈ రెండు పండుగల మధ్య, ఇసుక మీద కాలు పెట్టలేని రోజుల్లో, బీడీలకు పోయే తునికాకు.

తెలతెలవారుతుండగానే అమ్మ, చిన్నమ్మ, గూడెం ఆడవాళ్ళందరూ సొరకాయ బుర్రల్లో అంబలి పోసుకుని అడవిలోకి వెళ్ళేవారు. ఎండ నడినెత్తికొచ్చే వేళకు తలమీద ఆకు మూటలతో తిరిగొచ్చి, చూరు నీడన కాళ్ళు చాపుకుని, ఆకు మీద ఆకు పేర్చి నారతో కట్టలు కట్టేవారు. పొద్దు వాలాక ఆ కట్టలు కల్లానికి చేరాలి. కల్లమంటే ఊరి చివర చదునుచేసిన నేల. కాంట్రాక్టరు తరఫున అక్కడ కూర్చుని కట్టలు తీసుకునే మనిషి కల్లేదారు. మా కల్లేదారు సాంబయ్య. కట్ట అందుకుని, ఒకసారి తిప్పి చూసి, చిల్లులున్నాయనో ముదురాకనో పక్కకు విసిరేసేవాడు. విసిరేసిన కట్టకు కూలి లేదు. కానీ మర్నాడు చూస్తే అవి కూడా మిగతా వాటి పక్కనే వరుసగా పరిచి, ఎండుతూ ఉండేవి. అందరికీ కనిపించేది, ఎవరూ అడిగేవారు కాదు. పిల్లలం మేము ఆడుకునే ఆటా అదే. మోదుగాకులు కట్టలు కట్టుకొస్తే, ఒకరు సాంబయ్య అయి రాయి మీద కూర్చుని, “పనికిరాదు, తీసెయ్” అంటూ విసిరేవారు. సాంబయ్య కావడానికి కొట్లాడుకునేవాళ్ళం.

నేను బడిలో చిన్న తరగతుల్లో ఉండగా లలితక్క వచ్చింది. ఖమ్మం మిర్చి యార్డులో ఊడ్చే పనిచేస్తూ, అక్కడి సంఘంలో మాట్లాడటం నేర్చుకున్న మనిషి. యార్డు హమాలీలు, రైసుమిల్లు కూలీలు, ఆటోవాళ్ళు, బడుల్లో వంటచేసే ఆడవాళ్ళు, ఇట్లా ఎవరి సంఘం వాళ్ళు పెట్టుకుని, అన్నీ కలిసి జిల్లా మొత్తానికి ఒక సమాఖ్యగా ఉన్నాయట. తునికాకు తెంపేవాళ్ళను కూడా అందులో కలుపుకోవడానికి ఆమెను పంపారు. బస్సు దిగి నడిచొచ్చి, మా ఇంట్లోనే ఉంది. మా అంబలే తాగింది. అమ్మవాళ్ళతో అడవికి వెళ్ళి, ఆకు తెంపడం రాక వేళ్ళనిండా బొబ్బలు తెచ్చుకుంది. గూడెం ఆడవాళ్ళు ఆ బొబ్బలు చూసి నవ్వారు, నవ్వినందుకే ఆమె పిలిచిన మీటింగుకు వచ్చారు.

మీటింగంటే ఆమె మాట్లాడుతుందనుకున్నారు. ఆమె ఒక్కొక్కరినీ పేరు చెప్పమంది, ఎక్కడ నొస్తుందో చెప్పమంది. అమ్మ వంతు వచ్చింది.

“నాకేం తెల్వదక్కా. మా ఆయన్ని అడుగు” అంది అమ్మ.

“ఆయన్ని అడిగిన రాజక్కా. ఆకు తెంపేది నువ్వు గదా, నువ్వు చెప్పు.”

అమ్మ పుల్లతో నేల మీద గీతలు గీసింది. చివరికి, “తీసేసిన కట్టలు మల్ల వరుసలకు ఎట్ల వస్తున్నయి?” అంది, తనలో తాను అనుకున్నట్టు. ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. అన్నేళ్ళుగా ఎవరూ పైకి అనని మాట అది.

ఆ ఏడాదే కల్లం దగ్గర ఆడవాళ్ళు కూర్చున్నారు. కట్టలు తెచ్చారు కానీ అప్పగించలేదు. అమ్మ సాంబయ్య ముందుకు పోయి నిలబడింది. నేను ఆమె కొంగు పట్టుకుని వెనకే ఉన్నాను.

“తీసేసిన కట్ట మాకియ్యి. పనికిరానిది నీకెందుకు?”

“కాంట్రాక్టరును అడగాలె” అన్నాడు సాంబయ్య.

“అడుగు. మేం గిక్కడనే కూసుంటం.”

ఆకాశంలో మబ్బులు తిరుగుతున్నాయి. ఒక్క వాన పడితే ఆకు నల్లబడి ఎందుకూ పనికిరాకుండా పోతుంది. ఇండ్లల్లో గింజలు అయిపోవస్తున్నాయి. అప్పుడొచ్చింది ఖమ్మం నుంచి సమాఖ్య పంపిన లారీ. మిర్చి హమాలీలు బియ్యం బస్తాలు, చింతపండు, ఎండుమిరపకాయలు దించుతుంటే వాళ్ళ బట్టల ఘాటుకు పిల్లలమంతా తుమ్ముతూ లారీ చుట్టూ తిరిగాం. వంట ఆడవాళ్ళు పెద్ద గిన్నెలో మామిడికాయ పప్పు వండారు. అంత రుచైన పప్పు నేను మళ్ళీ తినలేదు. “మీకు ఆకుతోటి ఏం పని, ఎందుకొచ్చిన్రు?” అని చిన్నమ్మ ఒక ముసలి హమాలీని అడిగింది. “రేపు మా నడుములు ఇరిగిన నాడు మీరు రారా?” అన్నాడాయన, విస్తరి ముందు కూర్చుంటూ.

కాంట్రాక్టరు దిగొచ్చాడు. తీసేసిన కట్టలు ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చారు. కల్లం దగ్గర నీడకు పందిరి, తాగడానికి నీళ్ళ కుండలు వచ్చాయి. పిల్లల ఆటలో ఇప్పుడు సాంబయ్యగా ఉండటానికి ఎవరూ ఒప్పుకునేవారు కాదు. అందరికీ మా అమ్మ కావాలి. నేను గర్వంతో ఉబ్బిపోయేదాన్ని.

మరుసటి ఏడు అడవిలో అమ్మ మీద ఎలుగుబంటి పడింది. పొదలో పిల్లలున్నాయట. చిన్నమ్మ కేకలకు జనం చేరేసరికి అమ్మ ముఖం ఎడమపక్క చీలిపోయి ఉంది. ట్రాక్టరులో భద్రాచలం తీసుకుపోతే, కబురందుకున్న అక్కడి ఆటోవాళ్ళు దవాఖానా గేటు దగ్గర ఎదురుచూస్తున్నారు. రక్తం వాళ్ళే ఇచ్చారు. లలితక్క మంచం దగ్గర నుంచి కదల్లేదు. అమ్మకు గంజి తాగించింది, తల దువ్వింది, నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుంది. అమ్మ బతికింది. కన్ను పోయింది. నష్టపరిహారం వచ్చేదాకా కొట్లాడతామని సమాఖ్య పెద్దలు వచ్చి మాటిచ్చారు.

ఖమ్మంలో జరిగిన సభలో అమ్మ వేదిక మీద మాట్లాడింది. ముఖం సగం కొంగుతో కప్పుకుని ఎక్కి, మైకు ముందు కొంగు తీసేసింది. “ఎలుగు మీద నాకు కోపం లేదు. దాని పిల్లలు దానికుంటయి. మేం అడివిల ఉన్నమని ఎరుకుండి కూడా మా దిక్కు చూడనోళ్ళ మీదనే నా కోపం” అంది. చప్పట్లు ఆగలేదు. ఒక పెద్దమనిషి లేచి అమ్మను వీరవనిత అన్నాడు. ఆ మాటకు అర్థమేందని ఇంటికొచ్చేదాకా బస్సులో నన్ను అడుగుతూనే ఉంది.

ఆ తర్వాత సమాఖ్య రెండుగా చీలింది. ఎందుకో మా గూడెంలో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. ఎన్నికల్లో ఎవరి వెంట ఉండాలన్న దగ్గర మొదలైందని కొందరు, ఆఫీసు ఎవరిదన్న దగ్గర అని కొందరు. లలితక్క ఈసారి ఎవరిదో మోటారుసైకిలు వెనక కూర్చుని వచ్చింది. వాకిట్లోనే నిలబడింది.

“రాజక్కా, నేను కొత్తదాంట్లకు పోతున్న. నువ్వు నాతోటి రా.”

“పాతదానికి ఏమైంది?”

“అది చెడిపోయింది.”

“చెడిపోతే బాగుచేసుకుంటరు గద లలితా. రెండు దిక్కులోళ్ళు గిక్కడికి రాన్రి. మా ముంగట కూసొని చెప్పుకోన్రి, మేం వింటం.”

“గట్ల కుదరదక్కా” అంది లలితక్క. అంబలి తాగకుండానే వెళ్ళిపోయింది.

వారం తిరగకముందే పాత పక్షం నుంచి జీపు వచ్చింది. అందులోంచి దిగింది, సభలో అమ్మను పొగిడిన పెద్దమనిషే. అమ్మ ఆయన్నీ అదే అడిగింది. ఆయన నవ్వి, “ఇవన్నీ నీకు అర్థం కావులేమ్మా” అన్నాడు.

గూడెంలో పై వరుస ఇండ్ల మీద పాత పక్షం జెండా, కింది వరుస మీద కొత్తవాళ్ళది లేచాయి. ఆ సీజనులో, అడవిలో దెబ్బ తగిలినవాళ్ళకు కాంట్రాక్టరే వైద్యం చేయించాలని పాత పక్షం కూర్చోమంది. అడిగేది న్యాయమైనదే కదా అని అమ్మ ఆడవాళ్ళను కూర్చోబెట్టింది. అదే రోజు కింది వరుసవాళ్ళు మా ముందు నుంచే కట్టలు మోసుకుపోయి సాంబయ్యకు అప్పగించారు. వాళ్ళలో కొందరు అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు మాకు వండిపెట్టినవాళ్ళు. తల తిప్పుకుని నడిచారు. మేం లారీ కోసం చూశాం. హమాలీలు కూడా రెండుగా చీలి, యార్డులో ఒకరినొకరు పని దగ్గరికి రానివ్వడం లేదని తర్వాత తెలిసింది. లారీ రాలేదు, వాన వచ్చింది. నల్లబడిన ఆకును సాంబయ్య ఈసారి విసిరేయలేదు. చేతికి తీసుకుంటే కదా.

తడిసిన కట్టలను కాలితో నెడుతూ చిన్నమ్మ అంది, “నువ్వు చెప్తెనే గద కూసున్నం రాజక్కా.” ఆ మాటలో కోపం కూడా లేదు. అమ్మ వంగి, తడిసిన కట్ట ఒకటి తీసి పక్కన పెట్టింది. కూర్చోమని చెప్పి పంపినవాళ్ళు ఒక్కరూ ఆ బురదలోకి రాలేదు. గూడెం ముఖం చూడాల్సింది ఆమె ఒక్కతే.

నష్టపరిహారం సంగతి అడగడానికి అమ్మతో నేను ఖమ్మం వెళ్ళాను. పాత ఆఫీసులో, “అది లలిత చూసే పని, ఆమెనే అడగండి” అన్నారు. కొత్త ఆఫీసులో, “మీరు మా సభ్యులు కాదు కదమ్మా” అన్నారు. లలితక్క అక్కడే ఉంది. లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అమ్మ తాగుతున్నంతసేపూ లలితక్క కిటికీలోంచి బయటికి చూసింది. తిరుగు బస్సులో అమ్మ నన్ను ఏమీ అడగలేదు.

ఆ ఎండాకాలమే పిల్లలు మళ్ళీ సాంబయ్య కావడానికి కొట్లాడుకోవడం చూశాను.

ఇప్పుడు కల్లం ఉన్నచోట సెల్ టవరుంది. మా అడవి అంచున జామాయిల్ వరుసలు. వాటి కింద ఇప్పపూలు రాలవు, తునికి మొక్క మొలవదు. గూడెం ఆడవాళ్ళు ఆటోల్లో పామాయిల్ తోటల్లోకి కూలికి పోతారు. ఎవరి మేస్త్రీ వాళ్ళకు, ఎవరి ఆటో వాళ్ళకు. ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ ఆటోలోనే తెచ్చి మా ఆసుపత్రిలో దించి వెళ్ళిపోతారు. వెనక ఎవరూ రారు. నేను నర్సునే కానీ ఆసుపత్రి మనిషిని కాదు, కాంట్రాక్టు మీద మనుషుల్ని పంపే ఒక ఏజెన్సీ మనిషిని. ఏజెన్సీ మారినప్పుడల్లా ఊడ్చే ఆడవాళ్ళలో కొందరు కనిపించకుండా పోతారు. ఎక్కడికి పోయారని మేం అడగం.

అమ్మ నా దగ్గరే ఉంటోంది. పోయిన నెల ఒక ఆదివారం, ఊడ్చే పనిచేసే సుజాత ఇంటికొచ్చింది. ఆసుపత్రిలో ఏజెన్సీవాళ్ళందరం కలిసి సంఘం పెట్టుకుంటున్నామని, నర్సులు కూడా కలిస్తే బలముంటుందని చెప్పింది.  అమ్మ లోపలి నుంచి వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది.

“అన్నం తిన్నవా బిడ్డా?”

“తినలేదమ్మా.”

అమ్మ పళ్ళెం పెట్టింది. ఆ పిల్ల తింటుంటే చూస్తూ కూర్చుని, మెల్లగా అడిగింది. “మీ సంఘం ఒక్కటేనా?”

సుజాత ముద్ద కలుపుతూ ఆగింది. “రెండున్నయమ్మా. కానీ మాది అసలుది.”

“తిను” అంది అమ్మ.

సుజాత వెళ్ళాక నేను గుమ్మంలోనే నిలబడ్డాను, అమ్మ ఏదైనా అంటుందని. సంఘంలోకి పొమ్మంటే పోయేదాన్ని, వద్దంటే ఆగేదాన్ని. ఒకప్పుడు పొయ్యి మీది కుండ దించి మరీ ఇంటింటికీ తిరిగి, ఆడవాళ్ళను చెయ్యి పట్టుకుని మీటింగుకు లాక్కొచ్చిన మనిషి. ఆమె ఆ పళ్ళెం కడిగి, బోర్లించి, పోయి పడుకుంది.