మిగిలిపోయిన ఒక్క నిమిషం

గజపతినగరం గ్రంథాలయం వరండాలో ఆదివారాలు మేం పెట్టుకునే వాదన పోటీల్లో నన్ను గెలిచినవాడు లేడు. జిల్లాలన్నీ తిరిగి కప్పులు తెచ్చాను. సరే, ఒక్కటే తెచ్చాను. అది కప్పు కాదు, స్టీలు గ్లాసు. రెండో బహుమతి. ఆ రోజు పోటీకి వచ్చింది ఇద్దరమే.

నియమాలు మాత్రం నేను రాసినవే. ఎవరిది ఏ పక్షమో చీటీ తీసి తేల్చుకోవాలి. మాటను తప్పుపట్టాలి గానీ మనిషిని అనకూడదు. ఐదు నిమిషాలకి గంట. గంట తరవాత నోరు మెదపకూడదు.

ఒక ఆదివారం గంట కొట్టే పోస్టుమాస్టరుగారికి జ్వరం వచ్చింది. "నేను కొడతాలే" అన్నాను. వాదించేవాడి చేతిలో గంట ఉండకూడదని నేను నియమం రాయలేదు మరి! విషయం, మన ఊళ్ళకి రైలు మేలా, బస్సు మేలా. రైల్వేలో పనిచేసి రిటైరైన మా బావకి చీటీలో రైలే వచ్చింది, నాకు బస్సు. ఇంకేముంది, అతను మొదలుపెట్టగానే పేపరు చదువుకునేవాళ్ళు కూడా మడిచి పక్కన పెట్టి విన్నారు.

"ఇప్పుడు అసలు మాట సెప్తాను, ఇనండి" అన్నాడు బావ.

గంట కొట్టేశాను.

బావ గంట వైపు ఒకసారి చూశాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకి కొత్తవలస మకాం మార్చేశాడు. ఓడిపోయి ముఖం చెల్లక వెళ్ళాడని ఊరంతా చెప్పాను. నాలుగు నిమిషాలకే కొట్టానని మాత్రం చెప్పలేదు.

పోస్టుమాస్టరుగారు పోయారు. ఇప్పుడు వరండాలో నేనొక్కణ్ణే. రెండు పక్షాలూ నేనే వాదించుకుంటాను. బస్సు సాఫీగా నడుస్తుంది. రైలు మాత్రం ఎప్పుడూ ఆ అసలు మాట దగ్గరే ఆగిపోతుంది.

మొన్న ఆదివారం వరండాలోంచే బావకి ఫోన్ చేశాను.

"బావా, ఆ రోజు గంట ముందే కొట్టేశాన్రా."

"తెలుసు. నా సేతికీ వాచీ ఉన్నాది కదేటి."

"మరప్పుడే అనలేదేటి?"

"గంట కొట్టినాక మాటాడకూడదని రూలెట్టింది నువ్వే కదరా!"

"సరే, ఆ నిమిషం ఇప్పుడు తీసుకో. ఆ అసలు మాటేటో సెప్పు."

అటునుంచి కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది.

"ఏటి సెప్తాన్రా, మర్సిపోనాను."

ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు. గోడ గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగింది. గంట నా ఒళ్ళోనే ఉంది. కొట్టలేదు.