పర్వేజ్ చెరిపేసిన సందు

మార్కాపురంలో ఇల్లు కట్టుకోవాలనుకునేవాళ్ళు చాలామంది ముందు పర్వేజ్ దగ్గరికి వస్తారు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదివి, ఇరవై ఏళ్ళుగా ఇళ్ళకూ వెంచర్లకూ ప్లాన్లు గీస్తున్నాడు. మనిషి నెమ్మది. మాట గట్టిగా అనడు. గట్టిగా అనవలసిన చోట కూడా అనలేకపోవడమే అతని బతుకులో పెద్ద తప్పు.

తండ్రి బడే సాహెబ్ పలకరాయి గనిలో పనిచేసేవాడు. చిన్నప్పుడు తండ్రికి అన్నం తీసుకుపోయినప్పుడల్లా పర్వేజ్ గని గోడల వైపు చూస్తూ కూర్చునేవాడు. పైన చేలల్లో వాన పడిన రెండు మూడు రోజులకు ఆ రాతి పొరల మధ్య నుంచి నీళ్ళు సన్నగా కారేవి. "రాయి గట్టిదే బేటా, కానీ పొరకీ పొరకీ నడుమ నెర్రె ఉంటది. పైన పోసినవి యాడనో తేలతాయి" అని తండ్రి చూపించేవాడు. అందుకే, నాకు తెలియక చేశాను అని చెప్పుకునే వీలు పర్వేజ్‌కు లేకుండా పోయింది.

పదేళ్ళ కిందట సురేష్ అనే వెంచర్ యజమాని పెద్దారవీడు రోడ్డులో పొలం కొని, లేఅవుట్ గీయమన్నాడు. పర్వేజ్ వారం రోజులు ఆ నేలంతా తిరిగి, ఇష్టంగా గీశాడు. రెండేసి వరసల ఇళ్ళ మధ్య, వెనకవైపు ఆరడుగుల సందు వదిలాడు. అన్ని ఇళ్ళ మురుగూ ఆ సందులోని గొట్టాల్లో పడి, పల్లంలో ఉన్న మూల స్థలానికి చేరాలి. అక్కడ శుద్ధయిన నీళ్ళు చెట్లకు పోవాలి. ఎత్తు వైపు అందరికీ కలిపి ఒకే బోరు, ఒకే ట్యాంకు. నలభై ప్లాట్లు వచ్చాయి.

సురేష్ కాగితం చూసి నవ్వాడు.

"సందుకింత, ట్యాంకుకింత, మురుగుకింత జాగా పోతే నేనేం అమ్మేది? ఎవరి మురుగు గుంత వాళ్ళు తవ్వుకుంటారు, ఎవరి బోరు వాళ్ళు ఏసుకుంటారు. ఊరంతా అట్లనే ఉంది గదా!"

"అది పలకరాయి నేల అన్నా. చిన్న చిన్న ప్లాట్లు. గుంతలో నీళ్ళు పొరల్లో పడి బోర్లలోకి పోతాయి."

"నువ్వేమన్నా డాక్టరువా? గీయమన్నది గియ్యి. ఇంకా మూడు వెంచర్లు ఉన్నాయి నా దగ్గర. నీకే ఇస్తా."

పర్వేజ్ కాగితం చుట్టుకుని ఇంటికొచ్చాడు. ఆ మధ్యాహ్నమే సందులు చెరిపేశాడు. నలభై ప్లాట్లు నలభై ఆరయ్యాయి. మొదటి కాగితాన్ని మాత్రం చించలేక, మడిచి బీరువాలో పెట్టుకున్నాడు.

ప్లాట్లు అమ్ముడుపోతున్న రోజుల్లో శ్రీశైలమ్మ వచ్చింది. చంద్రశేఖరపురం వైపు పల్లె ఆమెది. టౌనులో జాకెట్లు కుడుతూ కూతురు గోపికను చదివిస్తోంది. ప్లాను ముందు పరిచి, వేలు పెట్టి అడిగింది.

"నీళ్ళు మంచియేనా తమ్ముడూ? మా ఊరి నీళ్ళతోనే మా అమ్మ మోకాళ్ళు వంకరపోయినాయి. నా బిడ్డన్నా మంచి నీళ్ళు తాగాల."

"మంచియే అక్కా" అన్నాడు పర్వేజ్. ఆ రోజుకు అది అబద్ధం కాదు. అక్కడింకా ఒక్క ఇల్లూ లేదు, ఒక్క గుంతా లేదు. కానీ ఇళ్ళు వచ్చాక ఏమవుతుందో అతనికి తెలుసు. ఆమె అతని మాట నమ్మి పదిహేడో నంబరు కొనుక్కుంది.

రెండేళ్ళ కిందట వానలకు ఆ కాలనీలో పచ్చకామెర్లు పుట్టాయి. పదకొండు ఇళ్ళలో మనుషులు మంచాన పడ్డారు. ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్న గోపిక అందరికన్నా ఎక్కువ కుంగిపోయి, మూడు వారాలు ఒంగోలు ఆసుపత్రిలో ఉంది. బతికి బయటపడింది గానీ నెలల తరబడి లేవలేక, ఆ ఏడు పరీక్షలు రాయలేకపోయింది. నీళ్ళు పరీక్ష చేయిస్తే బోర్లలో మురుగు కలిసిందని తేలింది.

జనం కోపమంతా బోర్లు వేసిన శ్యాంసన్ మీదికి పోయింది. పై మురికినీళ్ళు బోరులోకి దిగకుండా అడ్డుకునే కేసింగ్ పైపు తక్కువ దించి మోసం చేశాడని అతని బండిని కాలనీలోకి రానివ్వలేదు. అతన్ని పనికి పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. ఒకరోజు శ్యాంసన్ పర్వేజ్ దగ్గరికి వచ్చాడు.

"నేను రాయి తగిలేదాకా పైపు దించినా అన్నా. దేవుని తోడు. నువ్వు సదువుకున్నోడివి, వచ్చి నా తప్పు లేదని ఒక మాట చెప్పు."

"చూద్దాం" అన్నాడు పర్వేజ్. శ్యాంసన్ ఆ ఒక్క మాటకే చేతులు పట్టుకుని దండం పెట్టి వెళ్ళాడు. ఆ దండం తర్వాత పర్వేజ్‌కు అన్నం సయించలేదు. భార్య ఆఫ్రీన్ రెండు రోజులు చూసి, మూడోనాడు నిలదీసింది. బీరువాలోని కాగితం తీసి చూపించి అంతా చెప్పాడు.

ఆమె ఆ కాగితాన్ని మడిచి అతని చేతిలో పెట్టింది. "గీసినోడివి నువ్వు. తిట్లు తింటా ఉండేది శ్యాంసన్‌. ఇంకా ఇంట్లో కూర్చున్నావేంది?" అంది.

ఆ ఆదివారం ఉదయం కాలనీవాళ్ళు కూడినచోట పర్వేజ్ ఆ కాగితం పరిచాడు.

"శ్యాంసన్ తప్పేం లేదు. మీ గుంతల నీళ్ళే మీ బోర్లలోకి వస్తా ఉన్నాయి. ఇట్లయితదని నాకు ముందే తెలుసు. తెలిసే సందులు చెరిపేసినా."

ఒకడు చొక్కా పట్టుకున్నాడు. ఇంకొకడు విడిపించాడు. శ్రీశైలమ్మ మాత్రం కదల్లేదు.

"నిన్ను అడిగినా గదా. ఇంతమందిలో నేను నిన్నే అడిగినా. చెప్పి ఉంటే కొనకపోదునే!"

క్షమించమని అడగడానికి కూడా పర్వేజ్‌కు సిగ్గేసింది.

మర్నాటి నుంచి టేపు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. కొందరు తలుపు తీయలేదు. తీసినవాళ్ళకు, వెనక గోడలు మూడడుగులు లోపలికి జరుపుకుంటే గొట్టాలు వేయవచ్చని చెప్పాడు. అందరికన్నా ముందు గోడ కొట్టించింది శ్రీశైలమ్మ. "నీ మొహం చూసి కాదు, నీళ్ళ కోసం" అని అతని ముందే అంది. ఆమెను చూసి మిగతావాళ్ళు కదిలారు. ఎనిమిది నెలలు పట్టింది. ఐదిళ్ళవాళ్ళు ఇప్పటికీ ఒప్పుకోలేదు. పల్లపు మూలలో అమ్ముడుపోకుండా మిగిలిన ప్లాటును మురుగు శుద్ధికి వదిలేలా కాలనీ అంతా వెళ్ళి సురేష్ మెడలు వంచింది. ఎత్తు వైపు అందరికీ కలిపి కొత్త బోరు శ్యాంసనే వేశాడు. కిందటి నెల పరీక్షలో ఆ నీళ్ళు బాగున్నాయని వచ్చింది.

గోపిక ఈ ఏడు పరీక్షలు రాసింది. క్లాసులో తనకన్నా చిన్నవాళ్ళ మధ్య కూర్చోవాల్సి వచ్చిందని ఎవరో చెబితే, పర్వేజ్ ఆ పూటంతా పని చేయలేకపోయాడు. ఆమె పోగొట్టుకున్న ఏడాదిని తాను ఏ గొట్టంతోనూ తెచ్చివ్వలేడు.

సురేష్ ఇప్పుడు పర్వేజ్‌కు పని ఇవ్వడం లేదు. వెనక సందు లేకుండా గీయనన్నందుకు మరో వెంచర్ యజమాని కూడా కాగితాలు వెనక్కి తీసుకుపోయాడు. ఆ వెంచర్ కురిచేడు వెళ్ళే దారిలో వేరెవరో గీసిన ప్లానుతో లేచింది. మొన్న అటు పోతుంటే హద్దురాళ్ళ మధ్య ఒక జంట ప్లాటు చూసుకుంటూ కనిపించింది. పర్వేజ్ స్కూటర్ ఆపి వాళ్ళ దగ్గరికి నడిచాడు.

"ఏం అనుకోవద్దమ్మా. కొనేముందు ఒక మాట అడగండి. ఈ ఇళ్ళ మురుగు యాడికి పోతది అని."

"మీరెవరు సార్?" అడిగింది ఆమె, అనుమానంగా.

పర్వేజ్ తన పేరు చెప్పాడు. పని చెప్పాడు. ఆ తర్వాత, ఎండలో నిలబడే, పెద్దారవీడు రోడ్డు కాలనీలో తాను చేసిందేమిటో మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.